మట్టిలేని పైరు, చల్లని నీరు

ఆబిడ్సు, నాంపల్లి వీధులలో నేడు పెరడుగల ఇల్లు అరుదు. పచ్చదనము కావలెనన్న పబ్లిక్ గార్డెన్సుకైన పోవలయును, మేడమీదికైన ఎక్కవలయును. అందుచే కొందరు గృహస్థులు మేడలపై మట్టి లేకయే, లవణములు కరగించిన నీటితో పాలకూర, పుదీన, టమాటా పెంచుచున్నారు. మాఘమాసమున కన్నులపండువుగ ఎదిగిన ఆ పైరే వైశాఖము నాటికి తల వ్రేలవేయును. తొట్టి నిండ నీరుండగనే ఆకులు వాడును. మొక్కను ఎత్తి చూచిన, తెల్లగ నుండవలసిన వేళ్ళు గోధుమవన్నె తిరిగి, జిగటగ చేతికి ఊడివచ్చును. ఇదియే వేరుకుళ్ళు. విత్తులమ్మినవానిని నిందించుట లోకమున పరిపాటి. మొదట శంకింపవలసినది మాత్రము నీటి వేడిమి అని మా అభిప్రాయము.

ఈ విద్య చల్లని దేశములలో పెరిగినది. 1860 ప్రాంతమున జర్మనీలో సాక్స్, క్నోప్ అను పండితులు లవణజలమున మొక్కలు పెంచి, వాటి ఆహారమేమో తేల్చిరి. 1929 మొదలు కాలిఫోర్నియాలో గెరిక్ అను ఆచార్యుడు దీనిని ప్రయోగశాలనుండి సేద్యములోనికి దింపెను. 1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అను పేరు ప్రకటించెను. అంతకు ముందటి యేడు ఆయన టావెర్నెట్టి అను సహచరునితో కూడి వ్రాసిన వ్యాసము విషయమేమనుకొన్నారు? టమాటా తొట్లలో నీటిని వెచ్చబెట్టు విధానము! అక్కడి చిక్కు చలి. మే నెలలో మన మేడమీది చిక్కు దానికి తలక్రిందులు.

వ్యాధిని గూర్చిన విచారణ మాత్రము మన వేడిదేశమున శ్రద్ధగ సాగినది. బీహారులోని పూసా పరిశోధనాలయమున బట్లరు దొర 1907లో పిథియం అను నీటిబూజు జాతిపై గ్రంథము ప్రకటించెను. 1919లో ఎల్.ఎస్. సుబ్రహ్మణ్యం అందలి ఒక తెగను వర్ణించి దానికి బట్లరు పేరే పెట్టెను. అది అఫానిడెర్మాటం అను తెగయేనని తరువాతివారు నిర్ణయించిరి. పొగాకు నారుమళ్ళను కూల్చు నారుకుళ్ళు దీని పనియే గనుక గుంటూరు సీమ రైతునకు ఇది పాత శత్రువు. ముప్పది డిగ్రీలు దాటిన వేడిమిలో ఇది విజృంభించును. దీని బీజములు తోకలతో నీటిలో ఈదుచు ఒక వేరునుండి మరియొక వేరునకు పోవును. ఒకే నీరు అన్ని మొక్కలకు తిరుగు తొట్టిలో దీనికి అడ్డేమున్నది?

వేడినీరు శత్రువును పెంచుటతో ఊరకుండదు, వేరును బలహీనపరచును. సముద్రమట్టమున లీటరు నీటిలో 20 డిగ్రీల వద్ద 9 మిల్లీగ్రాములకు పైగ కరగు ప్రాణవాయువు, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు దిగును. మన నగరము 500 మీటర్ల ఎత్తున నుండుటచే ఇంకను కొంత తగ్గును. కాని పది డిగ్రీల వేడి పెరిగిన వేరు పీల్చుకొను వాయువు సుమారు రెట్టింపగును. ఊపిరాడని వేరుపై బూజునకు గెలుపు సులభము.

వంగదేశమున 1946లో కాలింపాంగు వద్ద ప్రయోగములు ప్రారంభించిన షోల్టో డగ్లస్ నిలువనీటిని విడిచి, ఇసుక, కంకర పరచిన మళ్ళలో లవణములు చల్లి నీరు పోయు పద్ధతి నెలకొల్పెను. వేళ్ళకు గాలి ఆడుట దాని సుగుణము. ఇక సింగపూరులో లీ సింగ్ కాంగ్ ప్రభృతులు 1990ల నాటికి ఆకులను ఉష్ణదేశపు గాలిలోనే ఉంచి, వేళ్ళను మాత్రము ఇరువది డిగ్రీల ప్రాంతమున చల్లబరచి, చలిదేశపు లెట్యూసును పండించి చూపిరి. పైరంతటికి చలువగది అక్కరలేదని దీనివలన తెలిసినది.

మనకు యంత్రము లేకున్న కూజా రహస్యమున్నది. చెమ్మ ఆవిరియగుచు లోపలి వేడిని కొనిపోవును. అయితే లవణజలమును నేరుగ కుండలో పోయరాదు. లవణములు కుండ రంధ్రములలో గడ్డకట్టి చెమ్మ ఊరుట ఆగును. తొట్టిని నీడన పెట్టి, వెలుతురు చొరకుండ మూసి, పైన తడిగోనె చుట్టవలయును. పొడిగాలి వీచు ఏప్రిల్, మే మాసములలో ఇది చక్కగ పనిచేయును. వాన గాలి వచ్చిన పిమ్మట అంతగ పనిచేయదు. తొట్టి పెద్దదైనకొలది ఆలస్యముగ వేడెక్కును. మంచు వేయదలచినవారు మూసిన సీసాలలో గడ్డకట్టించి వేయుట మేలు, లేనిచో ద్రావణము పలుచనగును. మధ్యాహ్నము విద్యుత్తు పోయి పంపు ఆగినచో, సన్నని నీటిపొరపై బ్రతుకు వేళ్ళకు కొన్ని గంటలే గడువు. ఇప్పటికే కుళ్ళిన మొక్కను చల్లదనము బ్రతికింపదు. దానిని తీసివేసి తొట్టిని తోమి కడుగవలసినదే.

వేసవికి తోటకూర, బచ్చలి వంటి వేడి నోర్చు కూరలు పెట్టుకొనుట ఇంకను సులభము. పాలకూరకు తగిన కాలము నాంపల్లి నుమాయిష్ కాలము. 1938లో పబ్లిక్ గార్డెన్సున మొదలై, 1946లో ఇప్పటి మైదానమునకు మారిన ఆ ప్రదర్శన జనవరిలో జరుగును. అప్పటి రాత్రుల చలికి తొట్టినీరు తనంత తానే చల్లబడును.