ఆఖరి సేవకు కొలమానం: ఉత్తర తెలంగాణలో సంరక్షకులు, కుటుంబాలు, ఉపశమన వైద్యం

నయం కాని జబ్బుతో మంచాన పడ్డ మనిషికి జరిగే సేవ బాగుందా లేదా అన్న తీర్పును ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కుటుంబాలు తరతరాలుగా ఒకే ప్రశ్నతో తేల్చుకుంటూ వచ్చాయి: దగ్గరుండి చూసుకున్నది ఎవరు, ఎట్లా చూసుకున్నారు? రోగాన్ని తగ్గించే ప్రయత్నంతో పాటు, అది ముగిసిన తరువాత కూడా, నొప్పిని, ఆయాసాన్ని, భయాన్ని తగ్గించడమే ధ్యేయంగా సాగే వైద్యాన్ని ఉపశమన చికిత్స అంటారు. జీవితపు చివరి వారాల్లో, నెలల్లో రోగికీ కుటుంబానికీ కలిపి ఆ చికిత్సను అందించే ఏర్పాటును హాస్పిస్ అంటారు. ఈ పేర్లు ఇటీవలివే అయినా వాటి వెనుక ఉన్న పని పాతది, ఆ పనిని కొలిచే పద్ధతి అంతకన్నా పాతది.

ఈ ప్రాంతంలో అంత్యకాలపు సేవ ప్రధానంగా ఇంటి ఆడవాళ్ల మీద, అందులోనూ కోడళ్ల మీద పడేది. జావ తాగించడం, ఒళ్లు తుడవడం, పక్క బట్టలు మార్చడం, రాత్రంతా మేలుకొని కూర్చోవడం వారి వంతు కాగా, ప్రాణం పోయే వేళ నోట్లో తులసి తీర్థం పోసే గౌరవం కొడుకులకు దక్కేది. శ్రమ ఒకరిది, గుర్తింపు మరొకరిది అయిన ఈ విభజన తరువాతి చరిత్ర అంతటా కొనసాగింది. గోదావరి ఒడ్డున ధర్మపురిలో నరసింహస్వామి సన్నిధిలోనే యముడికి గుడి ఉండటం, ప్రాణహిత గోదావరిలో కలిసే కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముడి పేరిట కాళేశ్వర లింగం, మోక్షమిచ్చే ముక్తీశ్వర లింగం పూజలందుకోవడం, చావును భయంతో పాటు భక్తితోనూ చూసిన సమాజాన్ని చూపుతాయి. అస్థి నిమజ్జనానికీ పితృకర్మలకూ ఈ రెండు క్షేత్రాలకు జనం వెళ్లడం నేటికీ సాగుతున్నది.

సేవ నాణ్యతపై కుటుంబం బహిరంగంగా తీర్పు చెప్పుకునే సందర్భం కూడా ఆచారంలోనే ఉంది. మనిషి పోయిన తరువాత చేసే 'పిట్టకు పెట్టుడు' అనే కర్మలో, పోయినవారికి ఇష్టమైన వంటకాలను విస్తరిలో పెట్టి, బంధువులంతా దూరంగా నిలబడి కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. కాకి వెంటనే ముడితే తృప్తిగా పోయారనుకుంటారు. ఆలస్యమైతే ఏదో కోరిక మిగిలిందని భావించి, ముసలి తల్లిని చూసుకుంటామనో, చెల్లె పెళ్లి చేస్తామనో ఒక్కొక్కరు ముందుకు వచ్చి మాట ఇస్తారు. బతికుండగా జరిగిన సేవలోని లోటు, అన్నదమ్ముల మధ్య మిగిలిన పొరపొచ్చెం, చెప్పుకోలేని అపరాధభావం అన్నీ ఆ కొద్దిసేపట్లో నలుగురి ముందు బయటపడతాయి.

ఆదిలాబాద్ అడవుల్లోని రాజ్‌గోండుల్లో ఈ బాధ్యత ఇంటి గడప దాటి వంశానికంతటికీ విస్తరించింది. 1940వ దశకంలో మార్లవాయిలో ఉండి వారి జీవితాన్ని పరిశీలించిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్, పోయినవారు వంశదైవమైన పెర్సపేన్ సన్నిధి చేరుతారన్న వారి నమ్మకాన్నీ, వంశగాథలు గానం చేసే ప్రధాన్లకు కర్మకాండలో ఉన్న స్థానాన్నీ నమోదు చేశాడు. మరణాన్ని వంశమంతా కలిసి మోసే ఇటువంటి సమాజంలో, ఒంటరిగా దవాఖాన వార్డులో ప్రాణం పోవడం ఎంత మంచి చికిత్స జరిగినా లోటుగానే కనిపించడం సహజం.

రక్తసంబంధం లేనివారు దీర్ఘకాలం సేవ చేసే వ్యవస్థ ఈ ప్రాంతపు పొరుగున మొదట కుష్ఠురోగుల కోసం ఏర్పడింది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ మెథడిస్టు మిషన్ తరఫున, రాజా నర్సాగౌడ్ విరాళం తోడ్పాటుతో ఆసుపత్రిని నెలకొల్పింది. సొంత ఊరు వెలివేసిన రోగులకు అక్కడి సేవకులే ఆప్తులయ్యారు. పరాయి చేతి సేవ కూడా బంధం కాగలదని ఆ సంస్థ రుజువు చేసింది.

ఇరవయ్యో శతాబ్దం చివరి పాదంలో ఇంటి సేవ నిర్మాణమే మారిపోయింది. సిరిసిల్ల నేతన్నలు భివండీకి, షోలాపూర్‌కు, జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాల యువకులు దుబాయి, మస్కట్, సౌదీలకు వలసపోగా, ఊళ్లో మిగిలిన కోడళ్లు, బిడ్డలు బీడీలు చుడుతూనే ముసలివాళ్ల సేవనూ మోశారు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు డబ్బు పంపగలడు, ఫోనులో డాక్టరును నిలదీయగలడు గానీ, రాత్రి మూడింటికి నొప్పితో మూలిగే తండ్రి పక్కన కూర్చోలేడు. అందువల్ల ఒకే చికిత్స గురించి ఒకే ఇంట్లో రెండు తీర్పులు వెలువడ్డాయి: దూరాన ఉన్నవారు పెద్ద దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని అడిగితే, దగ్గరున్నవారు నొప్పి తగ్గిందా, మనిషి నిమ్మళంగా ఉన్నాడా అన్నది చూశారు.

ఆధునిక హాస్పిస్ ఉద్యమం 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్స్‌తో మొదలై, 1986లో ముంబయిలో శాంతి అవేదనా సదన్‌గా భారతదేశానికి వచ్చింది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు ఆరంభించిన కేంద్రం దానిని ఇంటి ముంగిటికి నడిపించింది. క్యాన్సర్ నొప్పికి ప్రధానమైన మార్ఫిన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం విధించిన లైసెన్సుల చిక్కుల్లో పడి రోగులకు దాదాపు అందకుండా పోగా, 2014లో జరిగిన సవరణ ఆ చిక్కులను సడలించింది. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ చేపట్టిన ఉపశమన సేవ రాష్ట్రంలో ఈ వైద్యానికి పునాది వేసింది. అక్కడి నుంచి అది ప్రభుత్వ కార్యక్రమంగా జిల్లా దవాఖానలకు చేరి, 'ఆలన' వాహనాల్లో మంచాన పడ్డవారి ఇళ్లకూ వెళ్లడం మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చే నర్సు చేసే పని చూడటానికి చిన్నది. వాసన వేసే పుండును ఉప్పునీటితో కడిగి, మెట్రోనిడజోల్ మాత్రల పొడి చల్లి కట్టు కడుతుంది. ఒకే వైపు పడుకుంటే వీపు పుండవుతుందని, రెండు గంటలకొకసారి ఎట్లా ఒత్తిగిలించాలో కోడలికి చేతిలో చేయి వేసి చూపిస్తుంది. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకటి తప్పకుండా వేయాలని, దానితో మలబద్ధకం వస్తుంది గనుక విరేచనాల మందు కూడా ఇవ్వాలని చెబుతుంది. అయితే ఆమె మంచం మీది మనిషిని 'అవ్వా' అనో 'బాపూ' అనో పిలిచి, కోడలిని 'నువ్వు తిన్నవా' అని అడిగినప్పుడే ఆ ఇంట ఆ వైద్యానికి విలువ ఏర్పడుతుంది. వాసనకు వెరచి చుట్టాలు దూరంగా జరిగిన గదిలో ఒక పరాయి మనిషి కూర్చోవడమే కుటుంబం దృష్టిలో నాణ్యతకు మొదటి సాక్ష్యం. ఉట్నూరు, జైనూరు గూడేల్లో గోండి మాట్లాడగలిగిన ఆరోగ్య కార్యకర్త తెచ్చే ధైర్యం కూడా ఇటువంటిదే.

అమెరికాలో హాస్పిస్ సేవలపై మరణానంతరం కుటుంబాల అభిప్రాయం సేకరించే జాతీయ సర్వే 2015లో మొదలైంది. పోయినవారికి మీరు ఏమవుతారు అన్న ప్రశ్న అందులో ముందే ఉంటుంది. భార్య చెప్పే తీర్పు, కొడుకు చెప్పే తీర్పు ఒకటిగా ఉండవు గనుక సంస్థలను పోల్చేటప్పుడు ఆ బంధుత్వాన్ని లెక్కలోకి తీసుకొని ఫలితాలను సవరిస్తారు. ఉత్తర తెలంగాణ చరిత్ర చెప్పేదీ ఇదే. సేవ చేసినవారికీ రోగికీ, సేవ చేసినవారికీ నర్సుకూ మధ్య ఉన్న బంధాలను పట్టించుకోకుండా సేవ బాగుందో లేదో తేల్చడం సాధ్యం కాదు.

కాబట్టి ఉపశమన వైద్యాన్ని నడిపే ప్రతి జిల్లా దవాఖానా మూడు పనులు చేయాలి: రోగి పేరుతో పాటు దగ్గరుండి చూసుకునే మనిషి పేరునూ రికార్డులో రాయాలి, ఆ ఇంటికి వీలైనంతవరకు ఒకే నర్సును పంపాలి, మరణం తరువాత కొడుకు సంతకంతో సరిపెట్టక, రాత్రులు మేలుకొన్న కోడలినీ బిడ్డనూ అడిగి తెలుసుకోవాలి. ఈ నేలపై ఆఖరి సేవకు నిజమైన సాక్షులు వాళ్లే. వాళ్ల మాట వినని లెక్క ఏదైనా అసంపూర్ణమే.