‘ప్రకృతివిరుద్ధము’: ఒక మాట చరిత్ర

స్వలింగానురాగమును నిందించుటకు లోకము వాడిన మాటలలో ‘ప్రకృతివిరుద్ధము’ అనునది మిక్కిలి దీర్ఘాయువు గలది. అది భారతదేశమునకు వచ్చిన మార్గము విచారింపదగినది.

యూదుల ధర్మశాస్త్రమైన లేవీయకాండము పురుషుల సంగమమును హేయమని నిషేధించి మరణదండన విధించినది. సంతానవృద్ధియే మనుగడగా గల చిన్న జాతి, పొరుగువారి ఆచారములనుండి తన్ను వేరుపరచుకొనుటకై ఈ నిషేధమును చేసికొన్నదని కొందరు పండితుల ఊహ. 13వ శతాబ్దమున థామస్ అక్వినాస్ దీనికి తర్కమును సమకూర్చెను. సంగమమునకు ప్రకృతి నిర్దేశించిన ప్రయోజనము సంతానమే గనుక, తదితరము ప్రకృతివిరుద్ధమని ఆయన వాదము. మతన్యాయస్థానముల అధీనమందున్న ఈ పాపమును 1533లో ఎనిమిదవ హెన్రీ పార్లమెంటు రాజశాసనములోనికి తెచ్చి, ఉరిశిక్షకు తగిన నేరముగ మార్చినది.

భారతదేశమున స్థితి వేరు. మనుస్మృతి పురుషునకు సచేలస్నానమును ప్రాయశ్చిత్తముగ చెప్పి, కన్యను దూషించిన స్త్రీకి మాత్రము అంగుళిచ్ఛేదమువంటి కఠినదండనలు విధించినది. అర్థశాస్త్రము ధనదండనను పేర్కొన్నది. కామసూత్రము ఔపరిష్టకమను అధ్యాయమున ఈ వ్యవహారమును వర్ణించినది. కనుక మన ప్రాచీనులు ఎన్నడును నిందింపలేదనుట అతిశయోక్తి. కాని దేశమంతటికి ఒకే నేరము, ఒకే శిక్ష అను భావము ఇచ్చట లేదు.

ఆ భావము మెకాలే అధ్యక్షతన 1837లో సిద్ధమైన శిక్షాస్మృతి చిత్తుప్రతితో వచ్చినది. ఈ విషయమును బహిరంగముగ చర్చించుటయే నీతికి హానికరమని తలచి, దానిపై వ్యాఖ్యను మిక్కిలి క్లుప్తము చేసిరి. 1860లో శాసనమై 1862నుండి అమలైన స్మృతిలో అది 377వ సెక్షనుగ నిలిచి, యావజ్జీవ ద్వీపాంతరవాసమువరకు శిక్షను విధించినది. ‘ప్రకృతిక్రమమునకు విరుద్ధము’ అనగా ఏమో ఆ శాసనము నిర్వచింపలేదు.

ఆ మౌనము సాహిత్యమునకును సంక్రమించెను. 1942లో వెలువడిన ‘లిహాఫ్’ అను ఉర్దూ కథకు ఇస్మత్ చుగ్తాయ్ అశ్లీలతాభియోగముపై లాహోరు న్యాయస్థానమున నిలువవలసివచ్చెను. అందు అశ్లీలపదము ఒక్కటియైనను చూపజాలక అభియోగము వీగిపోయినది.

ఇంగ్లండు 1967లో ఏకాంతమున, పరస్పర సమ్మతితో మెలగు వయోజనులైన పురుషులను శిక్షనుండి విముక్తులను చేసెను. ఇచ్చట 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన విముక్తిని 2013లో సుప్రీంకోర్టు త్రోసివైచెను. తుదకు 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వయోజనుల సమ్మతసంబంధములు నేరము కావని తీర్పు చెప్పినది. 2024 జూలై 1నుండి అమలైన భారతీయ న్యాయసంహితలో ఆ సెక్షను లేదు.

ఈలోపల జీవశాస్త్రము వందలాది జంతుజాతులలో స్వలింగవర్తనమును గుర్తించినది. ప్రకృతిలో ఉన్నదంతయు ధర్మమని దీని భావము కాదు. ప్రకృతిని సాక్షిగ పిలిచి మనుష్యుని శిక్షించిన వాదమునకు ఆ సాక్ష్యము లభింపదని మాత్రమే దీని భావము.

శాసనము పోయినను మాట పోలేదు. న్యాయస్థానము శాసనమును కొట్టివేయగలదు గాని, భాషలోని మాటను కొట్టివేయజాలదు. కథలోనో అనువాదములోనో ఆ మాటను వ్రాయబోవు రచయిత, తాను ప్రకృతిని వర్ణించుచున్నాడో, 1533నాటి తీర్పును తిరిగి చదువుచున్నాడో తెలిసికొని వ్రాయవలయును.