అపవాదము - ప్రమాణము: అదృశ్యయైన భార్య, శంకితుఁడైన భర్త

వ్యాకరణశాస్త్రమున "అపవాద" శబ్దమునకు నొక యర్థము, లోకమున మఱియొక యర్థము. శాస్త్రమున నుత్సర్గము సామాన్యవిధి, అపవాదము విశేషవిధి. తన నిమిత్తము కనఁబడినచోట మాత్రమే యపవాదము ప్రవర్తించును. నిమిత్తము లేనిచోట నుత్సర్గమే నిలుచును. లోకమునందలి యపవాదమునకు నిమిత్తాపేక్ష లేదు. ఒకరు పలికినదానిని పదుగురు పలికిరేని యదియే సామాన్యవిధి యగును. "అభ్యాఖ్యానము", "అభిశాపము" అని యమరసింహుఁడు మిథ్యానిందకు వేఱు పేర్లు చెప్పియున్నను, వినువానికి నింద మిథ్యయో తథ్యమో పేరునుబట్టి తెలియదు; ప్రమాణమునుబట్టియే తెలియవలయును. భార్య కనఁబడకపోయినపుడు భర్తనుగూర్చి యూరు చెప్పుకొను మాటలయం దీ భేదము ప్రాణములతోడి పని యగుచున్నది.

ఈ విచారమునకు సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతము తగిన స్థలమగుటకుఁ గారణములు రెండు. మొదటిది నేఁటి స్థితి. హైదరాబాదునుండి ముంబయి పోవు రాజమార్గమున రామచంద్రపురము, పటాన్‌చెరు, పాశమైలారము మొదలగు చోట్లఁ గర్మాగారములు వెలసినవి. తెలుఁగు జిల్లాలనుండియే గాక బీహారు, ఒడిషా మొదలగు రాష్ట్రములనుండియుఁ బనివారు వచ్చి వరుసగదులలో నద్దెకుండుచున్నారు. పాత పల్లెలో నొక కోడలు కానరాకున్నచో నామె పుట్టిల్లేదో, తోఁబుట్టువు లెవ్వరో, ఏ బంధువులయింటికిఁ బోయియుండునో యెఱిఁగినవారు పదుగురుందురు. అద్దెగదుల వరుసలో గోడకావలివారి పేరైనను దెలియకుండుట కలదు. ఎఱుక తక్కువయైనచోట నూహ యెక్కువ యగును. ఆ యూహకు రెండు రూపములు. "ఆమె యెవ్వనితోనో లేచిపోయినది" యనునది యొకటి. "మగఁడే యామెను మాయము చేసినాఁడు" అనునది రెండవది. మొదటిది స్త్రీమీఁది యపవాదము, రెండవది పురుషునిమీఁది యపవాదము. పరస్పరవిరుద్ధములైన యీ రెండింటికిని ఫల మొక్కటియే: రెండును వెదకుటను మాన్పించును.

రెండవ కారణము పూర్వచరిత్రము. కల్యాణి చాళుక్యుల శాసనములందలి పొట్టలకెఱె యనునదియే నేఁటి పటాన్‌చెరు అని చరిత్రకారులు గుర్తించిరి. రెండవ జయసింహుని కాలమున (పదునొకండవ శతాబ్దపు పూర్వార్ధము) అది రాజధానిగా నుండెను. అతని కుమారుఁడగు మొదటి సోమేశ్వరుఁడు కల్యాణమును రాజధానిగాఁ జేసికొనెను. సోమేశ్వరుని పుత్రుఁడగు నాఱవ విక్రమాదిత్యుని కాలమున (1076-1126) ఆ కల్యాణముననే విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. పదుమూఁడవ శతాబ్దమున మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. తెలుఁగుభాషలోఁ దెలుఁగునకు వ్యాకరణము వ్రాసిన తొలి గ్రంథమగు నాంధ్రభాషాభూషణమును రచించినవాఁడును ఈ కేతనయే. మాట సాధువో యసాధువో నిర్ణయించు శాస్త్రమును, వ్యవహారము తథ్యమో మిథ్యయో నిర్ణయించు శాస్త్రమును దెలుఁగువారికి నొక్క చేతనే లభించుట గమనింపఁదగినది.

అపవాదము నెదుర్కొను విధమునకుఁ బురాణేతిహాసములలో రెండు దృష్టాంతములు కలవు: అయోధ్య యొకటి, ద్వారక యొకటి.

అయోధ్యాకథ యెల్లరకుఁ దెలిసినదే. పురజను లేమనుకొనుచున్నారని శ్రీరాముఁ డడుగఁగా భద్రుఁడు లోకవాదమును విన్నవించెను. సీత యడవికిఁ బంపఁబడెను. రాజధర్మవిచారము వేఱు, దాని కిది తావు కాదు. ఇచట గ్రహింపవలసినది మఱియొకటి. జనవాదమునకు మూల మొక చాకలివాఁడని తెలుఁగుదేశమున బాలురు సైతము చెప్పుదురు. వాల్మీకీయమున నా చాకలి లేఁడు. అచ్చట భద్రుఁడు చెప్పినది వీథులలో, అంగళ్లలో, వనములలో జనులు పలుకు మాట. ఏ యొక్కరి మాటయుఁ గాదు. చాకలివానికథ పద్మపురాణము మొదలగు తరువాతి గ్రంథములలోనిది. లోకవాదమునకుఁ గర్త కనఁబడఁడు. కర్త లేని క్రియను లోకము సహింపదు. కాన నొక కులవృత్తివానిని దెచ్చి కర్తస్థానమున నిలిపినది. అపవాదము చేసిన దోషమును సైతము మఱియొక యపవాదముతోనే కడిగికొనుట యిది.

ద్వారకాకథ వేఱొక త్రోవ చూపుచున్నది. సత్రాజిత్తు తమ్ముఁడగు ప్రసేనుఁడు శ్యమంతకమణి ధరించి వేఁటకుఁ బోయి తిరిగి రాలేదు. మణి నంతకుముం దడిగినవాఁడు కృష్ణుఁడు. కావున నతఁడే చంపెనని యన్న పలికెను, జనులు చెవులు కొఱికికొనిరి. ప్రయోజనము కలవానిపై శంక కలుగుట సహజమే. కృష్ణుఁడు శపథము చేయలేదు, పలికినవారిపైఁ గోపింపలేదు. పురజనులనే వెంటఁబెట్టుకొని యడవికిఁ బోయెను. గుఱ్ఱముతోఁ గూడఁ బడియున్న ప్రసేనుని దేహము, సింహపు జాడ, సింహము చచ్చిపడిన చోటు, ఎలుఁగుబంటి గుహ - ఒక్కొక్కటి వారి కన్నులయెదుటనే తేలినది. శంకించినవారే సాక్షులైరి. భాద్రపద శుద్ధచవితినాఁడు తెలుఁగిండ్ల నీ కథ చదువుకొని నీలాపనిందలు తొలఁగునని యక్షతలు చల్లికొందురు. తొలఁగించినది యక్షతలు గావు, అడుగుజాడలు.

శాస్త్రము ద్వారకామార్గమునే పట్టినది. 1909లో శామశాస్త్రి మైసూరునఁ బ్రకటించిన కౌటిల్యుని యర్థశాస్త్రమున నాలుగవ యధికరణమున "ఆశుమృతకపరీక్ష" యను ప్రకరణము కలదు. హఠాత్తుగ మరణించినవాని దేహమునకుఁ దైలము పూసి, కాలుసేతుల వాపు, కన్నుల తీరు, మెడమీఁది గుర్తులు చూడవలయునని యందు విధి. ఉరివేసికొన్నట్లు కనఁబడువానినిఁ బరులు చంపి వ్రేలాడఁదీసిరేమో యనియుఁ బరీక్షింపవలయును. తరువాతి ప్రకరణమునఁ గేవలశంకితుని మూఁడు రాత్రులు గడచిన పిదపఁ బట్టరాదని నియమము. అణిమాండవ్యుఁడు దొంగ గాకయే హింసాభయమున దొంగనని యొప్పుకొనెనని యచటనే స్మరింపఁబడినది. భారతమున మాండవ్యుఁడు మౌనవ్రతుఁడై పలుకకుండెను. కౌటిల్యుని మాటలో నొప్పుకొనెను. పలుకకుండుటయు, నొప్పుకొనుటయు రెండును నిరపరాధునకు సంభవించునని యీ రెండు పాఠములును గలిపి చెప్పుచున్నవి.

యాజ్ఞవల్క్యుఁడు వ్యవహారాధ్యాయమున "అవిజ్ఞాతహతుని" గూర్చి, అనఁగాఁ జంపినవాఁడెవ్వఁడో తెలియనివానిని గూర్చి చెప్పుచు, కొడుకులను బంధువులను స్త్రీలను గలహవిషయ మడుగుమనెను. స్త్రీ, ధనము, వృత్తి వీనిలో దేనిఁ గోరి వెడలెనో, ఎవ్వరితోఁ గూడఁ బోయెనో తెలిసికొనుమనెను. చచ్చినచోటికి సమీపమున నున్న జనుల నడుగుమనెను. ఈ విధిలో రెండవ్యయములు ప్రాణభూతములు: "పృథక్", "శనైః". వేఱువేఱుగా నడుగవలయును, మెల్లగా నడుగవలయును. వేఱుగా నడిగినచో నొకరి మాట యొకరికంటదు. మెల్లగా నడిగినచో భయము మాటాడదు. గుంపులో నందఱును గలసి పలుకు మాట కీ రెండు గుణములును లేవు. స్మృతిలోఁ జంపఁబడినవాఁడు పురుషుఁడు, శంక భార్యమీఁదికిఁ గూడఁ బోవును. నేఁటి వ్యవహారమున స్థానములు మాఱినవి, ప్రశ్నవిధి మాఱలేదు.

మితాక్షర మఱియొక సూక్ష్మమును జెప్పుచున్నది. వాది చెప్పినదానిని బ్రతివాది "అబద్ధ"మని కాదన్నచో నది మిథ్యోత్తరము. అట్టియెడ సాధించు భారము వాదిదే. తాను చేయలేదని చూపవలసిన భారము కాదన్నవానిపై లేదు. 1872నాఁటి సాక్ష్యచట్టమును, దాని స్థానమున 1-7-2024నుండి యమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును నీ దారినే నడచినవి. ఒకనికే ప్రత్యేకముగాఁ దెలిసిన విషయమును వాఁడే చెప్పవలయునని పాత చట్టమున 106వ, క్రొత్త చట్టమున 109వ విభాగమున నొక విశేషవిధి కలదు. ఇది శాస్త్రార్థమున నపవాదము. దానిచేత నుత్సర్గము తొలఁగిపోదని, అభియోగము తెచ్చినవారి భారము వారిదే యని సుప్రీముకోర్టు 1956లో నిర్ణయించినది. ఏడేండ్లు వార్త తెలియనివారు మృతులని భావించు విధి వేఱు. అది మరణమును భావించునే గాని చంపినవానిని జూపదు.

దేహము దొరకనిచోఁ జేయవలసినదేమి? 1660లో నింగ్లండున క్యాంప్డెను గ్రామమున విలియం హారిసన్ అను వృద్ధుఁడు కనఁబడకపోయెను. అతని సేవకుఁడు తన తల్లియుఁ దన సోదరుఁడును జంపిరని చెప్పెను. 1661లో మువ్వురును ఉరితీయఁబడిరి. 1662లో హారిసన్ ప్రాణములతోఁ దిరిగివచ్చెను. మృతి రుజువైననే గాని, కనీసము దేహము దొరకిననే గాని హత్యానేరమునకు శిక్షింపరాదని యా శతాబ్దముననే మాథ్యూ హేల్ అను న్యాయాధిపతి వ్రాసెను. ఇది జాగరూకతకై చెప్పిన మాటయే గాని యనుల్లంఘ్యమైన విధి కాదని 1981లో భారత సుప్రీముకోర్టు పలికినది. లేనిచో దేహమును దాఁచఁగలిగినవాఁడు సర్వదా తప్పించుకొనును.

1984లోఁ బుణె నగరమునుండి వచ్చిన వ్యవహారమున భార్య మరణమునకు భర్త శంకితుఁడు. ఆ తీర్పున సుప్రీముకోర్టు పరిస్థితిసాక్ష్యమునకు నైదు నియమములు చెప్పి, గొలుసునం దొక్క కడియైనఁ దెగరాదని నిర్ణయించి, యాతనిని విడుదల చేసెను. "నేరస్థుఁడు కావచ్చును" అనుటకును "అయి తీరవలయును" అనుటకును గల భేదము వ్యాకరణభేదము మాత్రమే గాదు, న్యాయభేదము గూడ నని యా ధర్మాసనము పూర్వపు తీర్పునొకదానిని స్మరించి చెప్పినది. క్రియారూపముల భేద మొకని యాయువునకు హేతువగునని వైయాకరణునకు నింతకన్న గొప్ప సాక్ష్య మక్కఱలేదు.

పొరుగున నున్న కర్ణాటకమున జరిగిన రెండు వ్యవహారములు పై రెండపవాదములకును నిదర్శనములు. మైసూరు దివానుగను, 1946-47లో హైదరాబాదు సంస్థాన ప్రధానిగను బనిచేసిన సర్ మీర్జా ఇస్మాయిల్ మనుమరాలు 1991 మే నెల చివర బెంగుళూరున నదృశ్యురాలయ్యెను. ఎక్కడికో వెడలెనని భర్తయగు స్వామి శ్రద్ధానంద పలువిధముల సమాధానములు చెప్పుచు వచ్చెను. "వెడలిపోయినది" యను మాట నమ్మి యెల్లరు నూరకుండిరేని వ్యవహార మంతటితో ముగిసియుండెడిది. కూఁతురు నమ్మలేదు, 1992లో ఫిర్యాదు చేసెను. 1994 మార్చిలో నింటి యావరణముననే పాఁతిపెట్టఁబడిన యస్థిపంజరము బయల్పడెను. 2008లో సుప్రీముకోర్టు మరణదండనమును మార్చి జీవితాంతము కారావాసము విధించెను. ఇచట భర్తపై శంక నిజమైనది. దానిని నిజము చేసినది శంక కాదు, కూఁతురి పట్టుదలయు, భూమిలోని యెముకలును.

రెండవది కొడగు జిల్లాలోనిది. 2020లో నొక గిరిజనుని భార్య కనఁబడకపోయెను. కనఁబడుట లేదని ఫిర్యాదు చేసినవాఁడు భర్తయే. కొంతకాలమునకు మఱియొకచోట నస్థిపంజరము దొరకెను. అది యామెదే యని భర్తను బట్టి చెఱసాలలో నుంచిరి. ఆ యెముక లామెవి కావని డి.ఎన్.ఏ. పరీక్షలోఁ దేలినను వ్యవహారము సాగినది. 2025 ఏప్రిలున నామె మడికేరిలోఁ బ్రాణములతోఁ గనఁబడెను. మైసూరు న్యాయస్థాన మా నెలలోనే భర్తను నిర్దోషిగా విడుదల చేసెను. ఇచటను ఎముకలున్నవి, కాని యవి యెవరివని యడుగుటకు ముందే యుత్తరము సిద్ధమై యుండెను. ఎవ్వరివో యా యెముకలకై యడిగినవా రంతకాలము లేకపోయిరి. అది మఱియొక యన్యాయము.

పటాన్‌చెరు ప్రాంతమువారికి దేహము లేని మరణ మెట్టిదో తెలియును. 30-6-2025న పాశమైలారమున నొక కర్మాగారమున సంభవించిన విస్ఫోటనమున 40 మందికిఁ బైగాఁ బ్రాణములు గోల్పోయిరి. పెక్కుర గుర్తింపునకు డి.ఎన్.ఏ. పరీక్షయే శరణమయ్యెను, కొందఱి జాడయే తెలియలేదు. తమవారి గుర్తుకై దినములకొలఁది వేచిన కుటుంబములను జూచిన యీ ప్రాంతమున, నొక స్త్రీ కనఁబడకపోయినపుడు "పోయినది" యనియో "చంపినాఁడు" అనియో యొక్క దినములోనే తేల్చుట పొసఁగదు.

శంక తప్పని శాస్త్ర మెచ్చటను జెప్పలేదు. శంక విచారమునకు ద్వారము; నిర్ణయమునకుఁ బీఠము కాదు. ఆమె లేచిపోయెనన్న మాట నిజమైన హంతకుని గాపాడును. మగఁడు చంపెనన్న మాట నిరపరాధుని చెఱఁబెట్టును. రెండింటను ఆమె యెక్కడ నున్నదను ప్రశ్న మూలఁబడును. పాఠశాలలయందు శ్యమంతకోపాఖ్యానము చెప్పు పండితులు చంద్రదర్శనదోషము చెప్పినంత శ్రద్ధతో, నింద మోసినవాఁడు పురజనులతోఁ గూడి యడవిలో జాడ వెదకిన భాగమును జెప్పుట యుచితము. కనఁబడని మనుష్యునకై యాజ్ఞవల్క్యుఁ డడుగుమన్న ప్రశ్న "ఎవ్వరితోఁ గూడఁ బోయె" నన్నది. ఆ ప్రశ్నను వేఱువేఱుగను మెల్లగను, ఉత్తరము దొరకువఱకును, అడుగుచునే యుండవలయును.