నవ్వుల చరిత్ర – 6: అపు గొంతు ఎవరిది?



పోయిన వారం మన సినిమాల్లో యాసని నవ్వులాటకి వాడుకున్న తీరు గురించి రాశాను. చదివిన మా విద్యార్థి ఒకతను స్టాఫ్ రూముకొచ్చి, "సార్, నవ్వుని కూడా ఇట్ల కొలిస్తే ఇంక నవ్వుడెట్ల?" అన్నాడు. మంచి ప్రశ్నే. జవాబు కోసం ఒక అమెరికా కార్టూన్ దగ్గరికి వెళ్దాం.

'ది సింప్సన్స్' 1989 నుంచి ఫాక్స్ చానల్లో వస్తోంది. 1990లో అందులోకి అపు అనే భారతీయుడు వచ్చాడు. పొద్దస్తమానం కిరాణా షాపు కౌంటర్ వెనక నిలబడి ఉంటాడు. సత్యజిత్ రాయ్ సినిమాల్లోని అపు పేరే పెట్టారు గానీ, ఇంటిపేరు మాత్రం నోరు తిరగని అక్షరాల మూట. గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. 1968 నాటి 'ది పార్టీ' సినిమాలో పీటర్ సెల్లర్స్ ముఖానికి గోధుమరంగు పూసుకుని భారతీయుడిగా వేసిన వేషం తనకి ఒక నమూనా అని ఆయనే చెప్పాడు. అంటే అపు యాస కొంతవరకైనా అనుకరణకి అనుకరణ.

న్యూయార్క్‌లో పెరిగిన హరి కొండబోలు తెలుగు కుటుంబంలో పుట్టిన హాస్యనటుడు. బడిలో తోటి పిల్లలు అపు గొంతుతో తనని వెక్కిరించిన అనుభవం నుంచి 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ తీశాడు. దానికి సింప్సన్స్ బృందం ఇచ్చిన జవాబే 2018 ఏప్రిల్ 8 నాటి ఎపిసోడ్.

అందులో మార్జ్ తన చిన్నప్పటి ఇష్టమైన పుస్తకం కొని కూతురు లీసాకి చదవబోతుంది. తీరా చూస్తే అది జాతి దురహంకారంతో నిండి ఉంటుంది. మార్చి రాస్తుంది, కథ చప్పబడుతుంది. అప్పుడు లీసా ప్రేక్షకుల వైపు తిరిగి, ఒకప్పుడు అందరూ మెచ్చుకున్నది ఇప్పుడు తప్పైపోతే ఏం చేయగలం అన్నట్టు మాట్లాడుతుంది. పక్కన అపు ఫొటో. ఇలాంటివి తర్వాత చూసుకుందాం అని తల్లి, చూస్తే గీస్తే అని కూతురు. అంతే, అయిపోయింది.

ప్రేక్షకులు రెండుగా చీలిపోయారు. 'అన్నిటికీ నొచ్చుకుంటే కామెడీ ఏం మిగులుతుంది, ఈ కార్టూన్ తెల్లవాళ్లనీ వదల్లేదు కదా' అన్నది ఒక వైపు. ఈ వాదనని తేలిగ్గా కొట్టేయను. హోమర్ తెల్లవాడే, మందబుద్ధే. కానీ ఆ కార్టూన్లో తెల్లవాళ్లు వందమంది ఉన్నారు, అపు ఒక్కడు. హోమర్‌ని చూసి బడిలో తెల్ల పిల్లవాడిని ఎవరూ ఏడిపించరు. ఇంకో వైపు వాళ్లని ఎక్కువ బాధపెట్టింది ఆ మాట లీసా నోట రావడం. అన్యాయాన్ని ప్రశ్నించే పిల్లగా ముప్పై ఏళ్లుగా పెంచిన పాత్ర ఆమె. ఏమీ చేయలేం అనే మాట అనిపించడానికి ఆ పిల్లే దొరికిందా?

మన దేశంలో చాలామంది 'మాకైతే ఏ బాధా లేదు, నవ్వొచ్చింది' అన్నారు. ఇక్కడ మనం వందకోట్ల మందిలో ఒకళ్లం. అపు యాస మన మెడకి చుట్టుకోదు. క్లాసులో ఒంటరి గోధుమరంగు పిల్లవాడి సంగతి వేరు.

ఈ తగువు కొత్తది కాదు. 1928లో మొదలైన 'ఎమాస్ అండ్ ఆండీ' రేడియో షోలో ఇద్దరు తెల్లవాళ్లు నల్లవాళ్ల గొంతులు పెట్టి దేశాన్ని నవ్వించారు. 1931లో 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లవాళ్ల పత్రిక దాన్ని ఆపించాలని సంతకాల ఉద్యమం నడిపింది. అదే ఏడాది నల్లవాళ్లదే అయిన 'షికాగో డిఫెండర్' పత్రిక ఆ ఇద్దరినీ తన పిల్లల పిక్నిక్‌కి అతిథులుగా పిలిచింది! నవ్విన నల్ల శ్రోతలూ ఉన్నారు, మండిపడ్డ వాళ్లూ ఉన్నారు. 'మీలోనే కొందరికి నచ్చింది కదా' అనేవాళ్లకి ఈ ఉదాహరణ చెప్పండి. నవ్విన వాళ్లున్నంత మాత్రాన గాయపడ్డ వాళ్లది అబద్ధమైపోదు.

నా సంగతి కూడా చెప్పాలి. పాలమూరు పల్లె నుంచి ఎస్సీ హాస్టళ్లలో చదువుకుని పీహెచ్‌డీకి చేరినప్పుడు, సెమినార్లో నేను కూర్చోగానే నా మాటని నా యాసలోనే తిరిగి అప్పజెప్పే మిత్రుడొకడుండేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. రెండో ఏడాదికల్లా నా యాస మార్చుకున్నాను. అమ్మ ఫోన్లో "ఎవరు బిడ్డా?" అని అడిగింది. హరి మీద నాకు సానుభూతి ఉన్నది అందుకే.

అట్లని ఒక ముచ్చట దాచను. యాస అవమానం గురించి అంతలా మాట్లాడుకున్న అమెరికాలోనే, 2023లో సియాటెల్ నగరం కుల వివక్షని నిషేధించినప్పుడు, కాలిఫోర్నియా చట్టసభ ఎస్‌బీ 403 బిల్లుని ఆమోదించినప్పుడు, కొన్ని భారతీయ సంస్థలు గట్టిగా అడ్డుపడ్డాయి. ఆ బిల్లుని గవర్నర్ వీటో చేశాడు. అపు విషయంలో నొచ్చుకున్న వాళ్లే అడ్డుపడ్డారని నేను అనను, ఎవరు ఎటున్నారో నా దగ్గర లెక్క లేదు. కానీ మన బాధని బాధ అని ఒప్పించడానికి పడే పాట్లు చూస్తే, 'ఇన్నాళ్లూ లేంది ఇప్పుడెందుకు' అనే ఆ పాత మాటే వినబడింది నాకు.

చివరికి అపు ఏమయ్యాడు? 2020 జనవరిలో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనన్నాడు. ఆ జూన్‌లో, తెల్లవాళ్లు కాని పాత్రలకి ఇకమీదట తెల్లవాళ్లు గొంతు ఇవ్వరని సింప్సన్స్ ప్రకటించింది. మిగతా పాత్రలకి కొత్త నటులు వచ్చారు. అపు మాత్రం మూగవాడయ్యాడు. గుంపులో ఎక్కడో నిలబడి కనిపిస్తాడు, మాట్లాడడు. పాత్రని తీసేయమని హరి అడగలేదు. మెరుగ్గా రాయమన్నాడు.

ఈ సన్నివేశం క్లాసులో చూపించాను. చాలామంది నవ్వారు. వెనక బెంచీలో ఒకమ్మాయి, "సార్, ఆ షాపాయనకి వేరేవాళ్లతో గొంతు ఇప్పియ్యచ్చు కదా, నోరెందుకు మూసిన్రు?" అని అడిగింది. అడిగింది తన యాసలోనే. ముందు బెంచీలో ఇద్దరు నవ్వారు. ఆమె ఆగలేదు, మళ్లీ అడిగింది.

మిగతాది వచ్చే ఆదివారం.