ఇంటి కింద షాపు పెట్టొచ్చా? హైదరాబాద్‌లో నిబంధనలు ఇవీ

రోడ్డు మీద ఇల్లుంటే కింది పోర్షన్‌ను షాపుకు అద్దెకివ్వాలని చాలామంది అనుకుంటారు. కమర్షియల్ మీటరు, ట్రేడ్ లైసెన్సు ఉంటే చాలని నమ్ముతారు. కానీ ఆ రెండూ ఉన్నంత మాత్రాన భవనం వాడకం సక్రమమైపోదు. నోటీసు వస్తే ఇంటి యజమానితో పాటు, అడ్వాన్సు కట్టి ఇంటీరియర్ చేయించుకున్న వ్యాపారీ నష్టపోతాడు.

మొదట జోన్ చూడాలి

ప్రతి స్థలానికీ మాస్టర్ ప్లాన్‌లో ఒక వినియోగం నిర్ణయించి ఉంటుంది. నగరం నడిబొడ్డుకు 2010లో, శివార్లకు 2013లో ప్లాన్లు నోటిఫై అయ్యాయి. మీ సర్వే నంబరు నివాస జోన్‌లో ఉందో, వాణిజ్య జోన్‌లో ఉందో హెచ్ఎండీఏ నుంచి తెలుసుకోవచ్చు. నివాస ప్రాంతమైనా, ప్రభుత్వం కమర్షియల్ రోడ్డుగా ప్రకటించిన దారి అయితే ఇంపాక్ట్ ఫీజు కట్టి వ్యాపార భవనానికి అనుమతి తీసుకోవచ్చు. ఈ వెసులుబాటు ఆ రోడ్డుకు ఆనుకుని ఉన్న ప్లాట్లకే. వెనక గల్లీకి వర్తించదు.

అనుమతి దేనికి ఇచ్చారు?

జోన్ కుదిరినా, ప్లాన్‌లో ‘నివాసం’ అని ఉంటే షాపు నడపడానికి వీల్లేదు. వాడకం మార్పుకు మళ్లీ అనుమతి కావాలి. 2020 నాటి బీపాస్ చట్టంతో చిన్న ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణపైనే అనుమతి వస్తోంది. ఆ ధ్రువీకరణ తప్పని తేలితే నోటీసు లేకుండానే కూల్చివేసే అధికారం అధికారులకు ఉంది.

షాపు ముందు ఖాళీ

భవనానికి ముందు వదలాల్సిన జాగాను సెట్‌బ్యాక్ అంటారు. 2012 నాటి జీవో 168 ప్రకారం ప్లాటు సైజు, భవనం ఎత్తు, రోడ్డు వెడల్పును బట్టి ఇది మారుతుంది. ఉదాహరణకు 300 నుంచి 400 చదరపు మీటర్ల ప్లాటుకు 12 మీటర్ల లోపు రోడ్డయితే ముందు 3 మీటర్లు వదలాలి. రోడ్డు 30 మీటర్లు దాటితే 7.5 మీటర్లు. రోడ్డు విస్తరణలో పోయే భాగాన్ని తీసేశాకే ఈ లెక్క. కాబట్టి ఇప్పుడు కనిపిస్తున్న ఖాళీ అంతా సెట్‌బ్యాక్ అనుకోకూడదు. అక్కడ రేకుల షెడ్డు వేసి షాపును ముందుకు జరిపితే అది ఉల్లంఘనే.

సెల్లార్, స్టిల్ట్ పార్కింగ్ కోసమే. జనరేటర్ వంటి అవసరాలకు కొంత భాగం వాడుకోవచ్చు గానీ, గోడౌనుగా, షాపుగా మార్చకూడదు.

మరి లైసెన్సు, పన్ను?

ట్రేడ్ లైసెన్సు వ్యాపారానికి ఇచ్చేది. కమర్షియల్ మీటరు కరెంటు బిల్లు లెక్క కోసం. వాణిజ్య రేటున ఆస్తి పన్ను వసూలు చేసినా, వాడకాన్ని ఒప్పుకున్నట్టు కాదు.

అద్దె ఒప్పందానికి ముందు

• భూ వినియోగ ధ్రువపత్రం
• ఆమోదం పొందిన ప్లాన్ కాపీ, అందులో రాసిన వాడకం
• ఆక్యుపెన్సీ సర్టిఫికెట్
• రోడ్డు విస్తరణ ప్రతిపాదన ఉందా అన్న వివరం

ఈ నాలుగూ చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. నోటీసు వస్తే అడ్వాన్సు ఎవరు, ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో ఒప్పందంలోనే రాయించుకోండి.