మంచు దాచిన పద్దు

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు కొన్నవాళ్ళకి ఆ సంతకాల గొడవలో ఒక కాగితం గుర్తుండే ఉంటుంది. గోడలకి సీసం కలిసిన రంగు ఉండవచ్చు, జాగ్రత్త అని చెప్పే కాగితం. పసిపిల్లల రక్తంలో సీసం చూసే పరీక్ష కూడా మనకి పరిచయమే. సీసం అంటే ఇంత భయం ఎలా వచ్చిందని వెతుక్కుంటూ వెళితే, దారి గ్రీన్లాండ్ మంచు దాకా పోతుంది.

క్లెయిర్ పాటర్సన్ అనే భూరసాయన శాస్త్రజ్ఞుడు ఉల్కల్లోని సీసాన్ని కొలిచి, భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని 1956లో తేల్చాడు. ఆ పనిలో ఆయన్ని విసిగించింది సీసమే. గాలి, దుమ్ము, గాజుసామాను, మనిషి జుట్టు, ఎక్కడ చూసినా అదే. ఇంత సీసం ఎక్కడిదన్న అనుమానం ఆయన్ని వదల్లేదు.

పెట్రోలులో సీసం కలిపితే ఇంజను కొట్టుకోదని 1921లో అమెరికాలో కనిపెట్టారు. 1924లో న్యూజెర్సీలో దాన్ని తయారుచేసే చోట అయిదుగురు పనివాళ్ళు చనిపోయినా, కొన్నాళ్ళు ఆగిన అమ్మకం మళ్ళీ మొదలైంది. సీసం మనిషి ఒంట్లో ఎప్పుడూ ఉండేదే, ఈ మోతాదు మామూలేనన్నది పరిశ్రమ వాదన. మామూలు వేరు, సహజం వేరు అన్నాడు పాటర్సన్ 1965లో. మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ అంతే. పోల్చి చూసే బేస్‌లైనే పాడైతే, టెస్టులన్నీ హాయిగా పాసవుతాయి.

మరి పాడవని బేస్‌లైన్ ఎక్కడ దొరుకుతుంది? ధ్రువప్రాంతాల్లో ఏ ఏడు కురిసిన మంచు ఆ ఏటి పొరగా మిగిలిపోతుంది, పాత దస్తావేజులా. మురోజుమి, చౌ, పాటర్సన్ కలిసి ఆ పొరల్ని పరీక్షించారు. తమ ఒంటి మీది సీసం అంటకుండా ప్లాస్టిక్ దుస్తులు తొడుక్కుని, ఆమ్లంతో కడిగిన డబ్బాల్లో మంచు తవ్వి నింపారు. 1969లో ఫలితాలు అచ్చయ్యాయి. క్రీ.పూ. 800 నాటి మంచులో, కిలోకి మైక్రోగ్రాములో వెయ్యో వంతు కూడా లేని సీసం, 1965 నాటికి 0.2 మైక్రోగ్రాములు దాటింది. అంటే 200 రెట్ల పైమాట. 1940 తర్వాత పెరుగుదల మరీ నిటారుగా ఉంది. కారే లేని చోట కార్ల పొగ పద్దు రాసి ఉంది!

అమెరికా 1970లలో పెట్రోలులో సీసం తగ్గించడం మొదలుపెట్టి, 1996 జనవరి 1 నుంచి రోడ్డు వాహనాలకి పూర్తిగా నిషేధించింది. పాటర్సన్ అంతకు ముందు నెలలోనే కన్నుమూశాడు. మన దేశంలో 2000లో ఆగింది. చివరిగా అల్జీరియాలో 2021లో. మంచు ఈ మంచిని కూడా రాసుకుంది. గ్రీన్లాండ్ కొత్త మంచులో సీసం ఇరవై ఏళ్ళలో ఏడు రెట్లకి పైగా తగ్గిందని 1991లో బుట్రాన్ బృందం చూపించింది.

పాదరసం మాత్రం ఇంత బుద్ధిగా ఒక పొరలో కూర్చోదు. 1995లో కెనడా ఉత్తర కొసన, అలర్ట్ అనే చోట, ధ్రువరాత్రి ముగిసి ఎండ రాగానే గాలిలోని పాదరసం ఒక్కసారిగా మాయమవడం గమనించారు. ఉప్పునీటి మంచు నుంచి వచ్చే బ్రోమిన్ దాని రూపం మార్చి మంచు మీద రాలుస్తుంది. కొంత మళ్ళీ గాలిలోకి లేస్తుంది, కొంత నీళ్ళలోకి దిగి, చేపలు, సీల్‌ల ద్వారా ఇన్యూట్ తల్లుల కడుపులోని బిడ్డలదాకా చేరుతుంది. బొగ్గు కాల్చినవాళ్ళు ఎక్కడో, తినేవాళ్ళు ఎక్కడో. 2013లో కుదిరిన మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. దాని ఫలితం తేలడానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది.

పిల్లల రక్తంలో సీసానికి అమెరికా పెట్టుకున్న హెచ్చరిక గీత, డెసిలీటరుకి 1991లో 10 మైక్రోగ్రాములు, 2012లో 5, 2021లో 3.5. ఇంతవరకూ ఫరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ తెలియదని కూడా వాళ్ళే చెబుతారు. అందుకే రిపోర్టులో "నార్మల్" అని చూసి పక్కన పెట్టేయకండి. అంకె ఎంతో డాక్టర్ని అడగండి.