పంతులు గారి పోలీసు జట్టు - నేను మరువలేని ఆటగాళ్ళు



సావనీరుకు ఏదైనా చరిత్ర రాసివ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను నవాబుల సంగతో, పాత మసీదుల సంగతో రాస్తానని అనుకొని ఉంటారు. అవి రాయడానికి నాకన్నా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. నాకు బాగా తెలిసిన చరిత్ర ఒక్కటే, అది బంతి వెంట నడిచిన చరిత్ర. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఎనభయ్యో పడిలో పడిన ఈనాటి వరకు నేను ఒకే ఒక్క జట్టుకు అభిమానిని. అది హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు.

2024లో ‘మైదాన్’ అని ఒక హిందీ సినిమా వచ్చింది. అది చూసొచ్చిన మా మనవడు, “దాదా, ఈ రహీం సాబ్ నిజంగా ఉండేవాడా, లేక కథేనా?” అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజంగా ఉన్న మనుషుల్ని మన ఇళ్ళలోనే కథ అనుకునే రోజు వచ్చింది. తప్పు పిల్లలది కాదు, చెప్పకుండా ఊరుకున్న మాది. అందుకే ఈ నాలుగు మాటలు.

నంద్యాలకు, హైదరాబాద్ పోలీసు జట్టుకు ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. ఆ జట్టు పేరు మోగిన 1950లో మనది మద్రాసు రాష్ట్రం. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. అప్పటికీ హైదరాబాద్ వేరే రాష్ట్రమే. కాబట్టి కాగితాల మీద ఆ జట్టు మనది కానే కాదు. కాని అభిమానానికి సరిహద్దు ఉండదు కదా! ఆళ్ళగడ్డలో మా మామూకు చిన్న బట్టల కొట్టు ఉండేది. సరుకు కోసం హైదరాబాద్ వెళ్ళేవాడు. ఆళ్ళగడ్డకు రైలు లేదు. బస్సులో నంద్యాలకు వచ్చి, మా ఇంట్లో రొట్టె తిని, మీటర్ గేజీ బండిలో ద్రోణాచలం చేరి, అక్కడ సికింద్రాబాద్ బండి పట్టుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు మూటలో గుడ్డలతోపాటు ‘సియాసత్’ పత్రికలు ఉండేవి. మా నాయనా, మామూ లాంతరు ముందు కూర్చొని ఆటల పేజీ గట్టిగా చదువుకునేవారు. నూర్, అజీజ్, మొయిన్ అనే పేర్లు నేను మా చుట్టాల పేర్లతోపాటే నేర్చుకున్నాను.

అంతకు ముందు తరానికి కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ పేరు ఉండేది. 1934 నుంచి 1938 వరకు వరుసగా ఐదేళ్ళు కలకత్తా లీగు గెలిచి, 1940లో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచిన జట్టు అది. అది పెద్ద నగరం, పెద్ద క్లబ్బు. మన హైదరాబాద్ జట్టు అట్లాంటిది కాదు. పగలు డ్యూటీ, పొద్దునా సాయంత్రం ఆట. లాఠీ పట్టుకున్న కానిస్టేబుళ్ళే బూట్లు కట్టుకొని దిగేవారు. వీళ్ళకు నేర్పింది కూడా పోలీసు అధికారి కాదు, ఒక బడిపంతులు.

ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్. 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియాలో చదువుకొని, నగరంలోని బడుల్లో ఉపాధ్యాయుడిగా పని చేశారు. ఆట నేర్పడంలోనూ ఆయన పంతులే. పిల్లవాడు ఎక్కడ తప్పు రాస్తాడో చూసి అక్కడే మళ్ళీ రాయించినట్టు, ఆటగాడి లోపం ఎక్కడుందో చూసి అక్కడే సాధన చేయించేవారు. కుడికాలు వాటం ఉన్నవాళ్ళు ఎడమకాలితోనే తన్నాలని పోటీలు పెట్టారు. బంతిని కాళ్ళ దగ్గర దాచుకొని ఒంటరిగా పరుగెత్తకూడదని, వచ్చిన బంతిని వచ్చినట్టే తోటివాడికి అందించాలని ఇంకో రకం పోటీలు పెట్టారు. చూడ్డానికి చిన్న విషయాలే. కాని వాటితోనే ఆ కానిస్టేబుళ్ళ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఢిల్లీలో 1950 డ్యూరాండ్ ఫైనలు కలకత్తా మోహన్ బగాన్‌తో. మొదటి రోజు సమానంగా ముగిస్తే మళ్ళీ ఆడి గెలిచారు. తర్వాత 1954లో, 1957లో కూడా డ్యూరాండ్ వచ్చింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ రోజు మా మామూ మిఠాయి పంచాడు. రాష్ట్రం వచ్చినందుకని అందరూ అనుకున్నారు. “అరే, ఇప్పుడు రహీం సాబ్ జట్టు మనది కూడా అయింది కదరా!” అన్నాడు మామూ. కొన్నాళ్ళకు జట్టు పేరు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీసు అయింది. ఆ పేరుతో 1961లో మరో డ్యూరాండు, 1960లో, 1963లో రోవర్సూ గెలిచింది. 1962 రోవర్స్ ఈస్ట్ బెంగాల్‌తో ఉమ్మడిగా వచ్చింది. 1957 కప్పుతో కలిపి లెక్క వేస్తే రోవర్స్ తొమ్మిది, డ్యూరాండ్ నాలుగు. ఈ లెక్క నేను ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.

ఇక నా మనసులో నిలిచిపోయిన ఆటగాళ్ళ సంగతి.

మొదట అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్. ఒకరు వెనుక కోటగోడ, ఇంకొకరు మధ్యలో నడిపించే చెయ్యి. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడల్లో మన దేశం ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు ఆ బృందంలో ఇద్దరూ ఉన్నారు. మరుసటి సంవత్సరం హెల్సింకీ ఒలింపిక్స్‌కు మొయినుద్దీన్ కూడా వీరితో వెళ్ళారు. అక్కడ చలిలో, మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. పత్రిక చదువుతూ మా నాయన కళ్ళు తుడుచుకున్నాడని అమ్మ చెప్పేది. ఆ ఓటమి తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

నాలుగేళ్ళ తర్వాత, 1956లో మెల్బోర్న్. అజీజ్, నూర్ మళ్ళీ వెళ్ళారు. అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామన్ వాళ్ళతో చేరారు. అందరూ హైదరాబాద్ మట్టిలో ఆడి పెరిగినవాళ్ళే. శిక్షకుడు రహీం సాహెబే. ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించి మనవాళ్ళు సెమీఫైనలుకు వెళ్ళారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్స్ కొట్టాడు. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఇప్పటికీ అంతకు మించి పోలేదు.

వీళ్ళందరిలో నాకు ప్రాణం బలరామన్ గారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన పేద పిల్లవాడు. ఆ పిల్లవాడి కాళ్ళలోని పనితనాన్ని గుర్తుపట్టి పోలీసు జట్టులోకి తెచ్చింది రహీం సాహెబ్. వాడు ఎవరు, ఏ కులం, ఏ మతం అని ఆయన అడగలేదు. బంతిని ఎట్లా ఆపుతాడు, ఎట్లా అందిస్తాడు అన్నదే చూశారు. 1957లో బలరామన్ గారు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టారు. 1962లో అర్జున అవార్డు వచ్చింది. జబ్బు చేసి ఇరవై ఏడేళ్ళ వయసుకే ఆట మానవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

రోమ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. ఆ ఒలింపిక్స్‌కు ఎంపికైన వారిలో రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. తండ్రి శిక్షకుడు, కొడుకు జట్టులో. కాని ఒక్క ఆటలో కూడా కొడుకు మైదానంలోకి దిగలేదు. కమిటీల్లో పదవులు పంచుకునేటప్పుడు మనం ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే బాగుంటుందని నా మనవి. హకీం గారు తర్వాత అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు.

నేను కళ్ళారా చూసినవారిలో మొదటి పేరు మొహమ్మద్ యూసుఫ్ ఖాన్. పదహారేళ్ళ వయసులో మామూ నన్ను మొదటిసారి ఫతే మైదాన్‌కు తీసుకుపోయాడు. రైల్లో రాత్రంతా నిలబడి వెళ్ళాం. యూసుఫ్ ఖాన్ వెనుక ఆడమంటే వెనుక, మధ్యలో అంటే మధ్యలో, ముందు అంటే ముందు. ఏ చోట పెట్టినా అక్కడే పుట్టినట్టు ఆడేవారు. అలుపన్నది చూడలేదు. “చూడు బేటా, ఇట్లాంటోడు ఇంట్లో ఒకడుంటే సాలు, ఆ ఇల్లు పడిపోదు” అన్నాడు మామూ. ఆయనకు 1966లో అర్జున అవార్డు వచ్చింది. చివరి సంవత్సరాల్లో పార్కిన్సన్ జబ్బుతో బాధపడి 2006లో మరణించారు.

ఆ యూసుఫ్ ఖాన్, బలరామన్, హైదరాబాద్‌లోనే పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ కలిసి ఆడిన గొప్ప ఆట 1962 సెప్టెంబరు 4న జకార్తాలో జరిగింది. ఆసియా క్రీడల ఫైనలు, ఎదురుగా దక్షిణ కొరియా. మొదటి ఆటలో మనల్ని 2-0తో ఓడించింది వాళ్ళే. స్టేడియంలో లక్షమంది, దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరిచేవారే. రాజకీయ కారణాలతో అప్పుడు అక్కడ మన దేశం మీద కోపం ఉంది. జర్నైల్ సింగ్ తలకు కుట్లు వేసుకొని దిగారు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టి 2-1తో గెలిపించారు. మైదానం బయట కూర్చున్న రహీం సాహెబ్‌కు అప్పటికే లోపల క్యాన్సర్. పది నెలలు తిరగకుండా, 1963 జూన్ 11న ఆయన ఇంతకాలం చెప్పాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మళ్ళీ స్వర్ణం రాలేదు.

పంతులు పోయాక కూడా బడి కొన్నాళ్ళు నడిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. పోలీసు జట్టులో పెరిగిన సయ్యద్ నయీముద్దీన్ 1970లో బ్యాంకాక్‌లో దేశానికి నాయకత్వం వహించి కాంస్యం తెచ్చారు. ఆ బృందంలోనే హైదరాబాద్ బిడ్డ మొహమ్మద్ హబీబ్ ఉన్నారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో కలకత్తా వచ్చి ఆడినప్పుడు, మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన ఇద్దరిలో ఒకరు హబీబే. కాని ఒక సంగతి గమనించండి. బలరామన్, నయీం, హబీబ్ అందరూ కలకత్తా బాట పట్టారు. తప్పు పట్టలేం, అక్కడ నాలుగు డబ్బులున్నాయి, ఆదరించే జనం ఉన్నారు. ఇక్కడ మైదానాలు తగ్గాయి, నేర్పేవారు తగ్గారు. తర్వాత క్రికెట్ పిచ్చి ముంచేసింది. అట్లా మా జట్టు పేపరులోంచి, తర్వాత జనం నోట్లోంచి జారిపోయింది.

జుల్ఫికరుద్దీన్ గారు 2019లో, అహ్మద్ హుస్సేన్ గారు కరోనా కాలంలో 2021 ఏప్రిల్‌లో, అదే సంవత్సరం ఆగస్టులో హకీం గారు, 2023 ఆగస్టు 15న హబీబ్ గారు వెళ్ళిపోయారు. ఒక్కొక్క వార్త వచ్చినప్పుడల్లా నేను మా మామూ సమాధి దగ్గరకు పోయి చెప్పి వచ్చాను. నవ్వుకోండి ఫరవాలేదు.

2014లో రాష్ట్రం మళ్ళీ రెండయింది. కాగితాల మీద ఆ జట్టు మళ్ళీ మనది కాకుండా పోయింది. నా చిన్నతనంలో ఎట్లా ఉండేదో అట్లాగే అయింది. 2022లో నంద్యాలే ఒక జిల్లా అయింది. సరిహద్దులు మారుతుంటాయి. నా అభిమానం మాత్రం అక్కడే ఉంది.

ఈ కథలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది కప్పుల లెక్క కాదు. ఆ జట్టుకు వెనుక కోటీశ్వరులు లేరు. ఉన్నది ఒక బడిపంతులు, నెలజీతం మీద బతికే కానిస్టేబుళ్ళు, ఒక మైదానం. ఈ మూడిట్లో మనకు ఏది లేదు? మన సంఘంలో రిటైరైన ఉపాధ్యాయులు డజను మంది పైనే ఉన్నారు. సాయంత్రం పూట ఖాళీగా ఉండే బడి మైదానాలు నంద్యాలలోనూ ఉన్నాయి, ఆళ్ళగడ్డలోనూ ఉన్నాయి. అస్ర్ నమాజుకు, మగ్రిబ్ నమాజుకు మధ్య గంటన్నర సమయం ఉంది. ఆ గంటన్నర మన పిల్లలు ఫోన్లలో పోగొట్టుకుంటున్నారు. సంఘం తరఫున రెండు బంతులు, ఒక పంతులు ఏర్పాటు చేయండి. మన వీధి పిల్లలనే కాదు, పక్క వీధి పిల్లలను కూడా పిలవండి. ఆడపిల్లలు వస్తామంటే వాళ్ళనూ పిలవండి. మొదటి నెల బంతుల ఖర్చు నేను పెట్టుకుంటాను. గోలు కొట్టడం తర్వాత నేర్పుదాం, ముందు బంతిని పక్కవాడికి అందించడం నేర్పుదాం. రహీం సాహెబ్ మొదలుపెట్టింది అక్కడే.

కాలం చెల్లిన ఆ ఆటగాళ్ళను అల్లాహ్ తన కారుణ్యంలోకి తీసుకొనుగాక. బలరామన్ గారికి, తంగరాజ్ గారికి, వారితో భుజం కలిపి ఆడిన అన్ని మతాల సోదరులకు మన అందరి తరఫున నివాళి. మా మనవడికి నా జవాబు ఇదే: రహీం సాబ్ కథ కాదు నాయనా, నిజం. ఆమీన్.